మిథాలీకి దొరికింది, ఆలేరుకు దొరకనిది

2025 నవంబర్ 2 రాత్రి నవీ ముంబయిలోని డీవై పాటిల్ మైదానంలో హర్మన్‌ప్రీత్ కౌర్ జట్టు దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి ప్రపంచకప్ అందుకుంది. సంబరాల మధ్య ఆ అమ్మాయిలు కప్పును మాజీ క్రీడాకారిణుల దగ్గరికి తీసుకెళ్లి మిథాలీ రాజ్, ఝులన్ గోస్వామి, అంజుమ్ చోప్రాల చేతుల్లో పెట్టారు. టీవీలో చూసిన వాళ్లకు అది కళ్లు చెమర్చే దృశ్యం. తెల్లారేసరికి మాత్రం, మిథాలీ రెండుసార్లు ఫైనల్ దాకా తెచ్చి వదిలేసిన పనిని హర్మన్ పూర్తి చేసిందన్న లెక్క మొదలైంది. పొగుడుతున్నట్టే ఉంటుంది గానీ ఆ లెక్కలో ఓ తప్పు ఉంది. ఇద్దరు కెప్టెన్లకూ ఒకే రకమైన జట్టు, ఒకే రకమైన వ్యవస్థ ఉన్నాయని అది అనుకుంటుంది. అవి ఒకటి కావు. ఆ తేడా తేలితే, సికింద్రాబాద్‌కు డెబ్బై కిలోమీటర్ల దూరంలో రైలు పట్టాల పక్కనే ఉన్న ఆలేరు నుంచి ఇంకో మిథాలీ ఎందుకు రాలేదో కూడా తేలుతుంది.

ముందు కెప్టెన్ సంగతి. 2004లో, ఇరవై ఒక్క ఏళ్ల వయసులో మిథాలీకి పగ్గాలు వచ్చాయి. మరుసటి ఏడాదే దక్షిణాఫ్రికాలో ప్రపంచకప్. భారత మహిళలు అంతకుముందు ఎన్నడూ ఫైనల్ చూడలేదు. పోచెఫ్‌స్ట్రూమ్‌లో న్యూజిలాండ్‌తో సెమీఫైనల్లో కెప్టెన్ అజేయంగా 91 పరుగులు చేసి జట్టును గట్టెక్కించింది. సెంచూరియన్ ఫైనల్లో ఆస్ట్రేలియా ముందు 117కే కుప్పకూలి 98 పరుగుల తేడాతో ఓడారు. స్కోరుబోర్డు అంతవరకే చెబుతుంది. ఆ టోర్నీలో మ్యాచ్‌కు వెయ్యి రూపాయల చొప్పున తమకు ముట్టిందని మిథాలీయే తర్వాత ఓ ఇంటర్వ్యూలో చెప్పింది. అప్పటికి మహిళల క్రికెట్ బీసీసీఐ చేతిలో లేదు. 1973లో పుట్టిన మహిళా క్రికెట్ సంఘం చందాలతో, దాతల దయతో జట్లను విదేశాలకు పంపేది. మామూలు పెట్టెల్లో రైలు ప్రయాణాలు, హాళ్లలో నేల మీద పడకలు ఆ తరానికి మామూలే. వెయ్యి రూపాయల జట్టు ఫైనల్ దాకా వెళ్లి ఓడింది అంటే అది వైఫల్యం కిందికి వస్తుందా?

బీసీసీఐ 2006లో మహిళల క్రికెట్‌ను కలుపుకుంది. అంతటితో కష్టాలు తీరాయని అనుకోవడం పొరపాటు. ఆ ఏడాది ఆగస్టు చివర మొదలైన టెస్టులో మిథాలీ నాయకత్వంలో భారత్ టాంటన్‌లో ఇంగ్లండ్‌ను ఓడించి, ఆ గడ్డ మీద తొలిసారి టెస్టు సిరీస్ గెలిచింది. బహుమానంగా దక్కింది ఎనిమిదేళ్ల మౌనం. ఆ మ్యాచ్ తర్వాత 2014 ఆగస్టు దాకా భారత మహిళలకు ఒక్క టెస్టు కూడా పెట్టలేదు. సిరీస్ గెలిచిన జట్టును తర్వాతి ఎనిమిదేళ్లు ఆ ఆటే ఆడనివ్వని బోర్డు ప్రపంచంలో ఇంకొకటి ఉంటే చూపించాలి.

2014లో వర్మ్‌స్లీ మైదానంలో మళ్లీ తెల్లబట్టలు వేసుకున్నప్పుడు భారత జట్టులో ఎనిమిది మంది కొత్తవాళ్లు. అవతల ఇంగ్లండ్ అమ్మాయిలకు ఆ ఏడాదే పూర్తికాలపు కాంట్రాక్టులు దక్కాయి. మన వాళ్లకు కాంట్రాక్టు అనే మాటే లేదు, అది 2015లో వచ్చింది. ఆ మ్యాచ్‌లో భారత్ ఆరు వికెట్లతో గెలిచింది. నాలుగో ఇన్నింగ్స్‌లో కెప్టెన్ 50 నాటౌట్. మిథాలీ నాయకత్వంలో అన్నిటికంటే గొప్ప విజయం ఏదని నన్నడిగితే 2017 లార్డ్స్ ఫైనల్ జోలికి పోకుండా ఈ మ్యాచ్ పేరే చెబుతాను. టెస్టు అనేది టీవీలో తప్ప చూడని ఎనిమిది మందిని నాలుగు రోజులు నడిపించి గెలిపించడం వ్యూహాల పుస్తకంలో దొరికే విద్య కాదు.

ఇరవై రెండేళ్ల పైచిలుకు అంతర్జాతీయ జీవితంలో ఆమె ఆడిన టెస్టులు పన్నెండు. పందొమ్మిదేళ్లకే టాంటన్‌లో 214 కొట్టి అప్పటి ప్రపంచ రికార్డును బద్దలు కొట్టిన బ్యాటర్‌కు మొత్తం జీవితంలో పన్నెండే. వన్డేలు 232. సచిన్ వన్డే జీవితం కంటే ఆమెది కొన్ని నెలలు ఎక్కువే నడిచింది, 1999 జూన్ 26న మిల్టన్ కీన్స్‌లో ఐర్లండ్ మీద అజేయ 114తో మొదలై 2022 మార్చి 27న క్రైస్ట్‌చర్చ్‌లో 68తో ముగిసింది. మొదటి రోజు అటువైపు రేష్మా గాంధీ కూడా సెంచరీ కొట్టింది, వికెట్ పడకుండా 258. చివరి రోజు ఆఖరి ఓవర్లో నోబాల్, ఆఖరి బంతికి ఓటమి, ప్రపంచకప్ నుంచి నిష్క్రమణ.

ఇక అందరూ గుచ్చి గుచ్చి అడిగే ప్రశ్న: నెమ్మదిగా ఆడింది కదా? వందకు 66 పరుగుల దరిదాపుల్లో ఉన్న స్ట్రయిక్ రేట్ ఈనాటి పిల్లలకు నవ్వు తెప్పించవచ్చు. ఈ విమర్శలో నిజం లేదని కొట్టిపారేయను. చివరి నాలుగైదేళ్లలో ఆమె ఇన్నింగ్స్ మొదటి ముప్పై బంతులు జట్టుకు భారంగా మారిన సందర్భాలున్నాయి. టీ20ల్లో అయితే మరీను. కానీ ఆమె ఎందుకలా ఆడిందన్నది వదిలేసి ఎలా ఆడిందన్నదే పట్టుకుంటే సగం కథే చెప్పినట్టు. చాలా ఏళ్లు భారత జట్టులో మిథాలీ అవుటైతే ఇన్నింగ్స్ అయిపోయినట్టే. 2013లో సొంత గడ్డ మీద ప్రపంచకప్‌లో శ్రీలంక చేతిలో 138 పరుగుల తేడాతో ఓడి ఏడో స్థానానికి దిగజారిన జట్టు అది. పాకిస్తాన్‌తో చివరి మ్యాచ్‌లో సెంచరీ కొట్టి అట్టడుగు స్థానం తప్పించింది కెప్టెనే. ఏడాదికి ఓ రెండు సిరీస్‌లు, ఒక్కోసారి అదీ లేదు. అలాంటి జట్టులో ఒక మ్యాచ్ చెడితే దాన్ని సరిచేసుకునే అవకాశం మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. అప్పుడు పెద్ద షాట్ కొట్టడం ధైర్యం అనిపించుకోదు. ఇంటిల్లిపాదికీ ఒక్కరి జీతమే ఆధారమైతే ఆ మనిషి ఉద్యోగం వదిలి వ్యాపారం పెట్టనట్టే మిథాలీ క్రీజు వదల్లేదు. గెలిచిన ఛేదనల్లో ఆమె సగటు వంద దాటిందన్న లెక్కను దీని పక్కన పెట్టి చూడాలి. నిలబడితే గెలుస్తామన్నది ఆమె అనుభవం నేర్పిన పాఠం.

ఆ పాఠాన్ని ఆమె కొంత ఆలస్యంగా వదులుకుంది, అదీ నిజమే. 2017 జూలై నాటికి జట్టు మారిపోయింది. బ్రిస్టల్‌లో ఆస్ట్రేలియా మీద ఆరువేల వన్డే పరుగులు దాటిన తొలి మహిళగా కెప్టెన్ నిలిచింది. డెర్బీలో న్యూజిలాండ్‌తో చావోరేవో మ్యాచ్‌లో 109 చేసింది. కానీ సెమీఫైనల్లో ఆస్ట్రేలియాను చిత్తు చేసింది హర్మన్ అజేయ 171. ఆ ఇన్నింగ్స్ ఒక తరం ముగిసిందనీ మరో తరం మొదలైందనీ ప్రకటించింది. లార్డ్స్ ఫైనల్లో 229 లక్ష్యం. మిథాలీ 17 దగ్గర రనౌట్. అయినా మూడు వికెట్లకు 191 దాకా వెళ్లి, చివరి ఏడు వికెట్లు 28 పరుగులకు పోగొట్టుకుని తొమ్మిది పరుగులతో ఓడారు. ఆ చివరి అరగంట బ్యాటర్లకు భయం కంటే అలవాటు లేకపోవడం ఎక్కువ చేటు చేసింది. నిండిన లార్డ్స్‌లో ఆడటం ఆ జట్టులో ఎవరికీ ముందు తెలియదు. ప్రపంచకప్ వన్డే ఫైనల్‌కు రెండుసార్లు భారత జట్టును నడిపిన కెప్టెన్, మగవాళ్లలో గానీ ఆడవాళ్లలో గానీ, ఆమె ఒక్కతే. కపిల్, గంగూలీ, ధోనీ, రోహిత్ - ఎవరూ రెండోసారి అక్కడికి చేరలేదు.

2018 నవంబర్ వెస్టిండీస్ వ్యవహారం గురించి ఇప్పటికే చాలా సిరా ఖర్చయింది. టీ20 ప్రపంచకప్‌లో పాకిస్తాన్, ఐర్లండ్ మీద అర్ధసెంచరీలు చేసిన ఆమెను సెమీఫైనల్లో పక్కన పెట్టారు, జట్టు 112కు ఆలౌటై ఎనిమిది వికెట్లతో ఓడింది. ఆమె బోర్డుకు రాసిన ఉత్తరం బయటికి వచ్చింది, కోచ్ రమేశ్ పొవార్ నివేదిక బయటికి వచ్చింది, అభిమానులు రెండు జట్లుగా చీలారు. నా మటుకు నాకు అందులో ఇరుపక్షాలా కొంత నిజం కనిపిస్తుంది. ఆమె టీ20 ఆట అప్పటికి వెనుకబడింది, కానీ ఫామ్‌లో ఉన్న బ్యాటర్‌ను నాకౌట్‌లో తీసేయడానికి అది చాలదు. ఇంతకుమించి దానికి విలువ ఇవ్వడం అనవసరం. 2021లో ఖేల్‌రత్న అందుకున్న తొలి మహిళా క్రికెటర్ ఆమే. 2022 జూన్ 8న బ్యాటు పక్కన పెట్టేనాటికి 155 వన్డేలకు కెప్టెన్‌గా ఉండి 89 గెలిపించింది.

ఇన్నేళ్లు ఒక మనిషి ఇలా నిలబడటానికి ఏం కావాలి? ప్రతిభ, క్రమశిక్షణ అని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. సికింద్రాబాద్ అని నేను చెబుతాను.

మిథాలీది తమిళ కుటుంబం, పుట్టింది జోధ్‌పూర్‌లో. తండ్రి దొరైరాజ్ వాయుసేన ఉద్యోగి. కుటుంబం సికింద్రాబాద్‌లో స్థిరపడింది. కీస్ బాలికల పాఠశాల, ఆ తర్వాత మారేడ్‌పల్లిలో కస్తూర్బా కళాశాల. ఎనిమిదేళ్లు భరతనాట్యం నేర్చుకుంది. పొద్దున బారెడు పొద్దెక్కినా లేవని పిల్లను దారిలో పెట్టాలని తండ్రి అన్నతోపాటు సెయింట్ జాన్స్ క్రికెట్ శిబిరానికి తీసుకెళ్లాడు. పక్కన కూర్చుని చూసే పిల్ల చేతికి బ్యాటు వచ్చింది, కోచ్ జ్యోతి ప్రసాద్ కంట్లో పడింది. ఆయన ఆమెను సంపత్ కుమార్‌కు అప్పగించారు. సంపత్ కుమార్ కఠినమైన గురువు, ఆమె దేశానికి ఆడుతుందని తల్లిదండ్రులకు ముందే చెప్పిన మనిషి. శిష్యురాలు భారత జట్టు టోపీ పెట్టుకునేలోపే ఆయన ప్రమాదంలో పోయారు. పద్నాలుగేళ్లకే 1997 ప్రపంచకప్ ప్రాబబుల్స్‌లో ఆమె పేరుంది. ఆపైన రైల్వేలో ఉద్యోగం.

ఈ జాబితాను ఒకసారి నిదానంగా చదవండి. నెలనెలా జీతం వచ్చే ప్రభుత్వోద్యోగి ఇల్లు. బస్సెక్కితే చేరే దూరంలో శిబిరం. పిల్లను చూడగానే పసిగట్టే కోచ్, ఆయన్ని మించిన మరో కోచ్. చివరగా రైల్వే కొలువు, అన్నిటికంటే ముఖ్యమైనది. భారత మహిళా క్రికెట్ చరిత్రను ఎవరైనా నిజాయతీగా రాస్తే అందులో బోర్డు కంటే రైల్వేకు ఎక్కువ పేజీలు కేటాయించాలి. దేశవాళీ వన్డే టోర్నీలో ఏళ్ల తరబడి టైటిల్ రైల్వే దగ్గరే ఉండటానికి కారణం ఆ అమ్మాయిలకు జీతం, పాసు, ప్రాక్టీసుకు సెలవు దొరకడమే. మ్యాచ్‌కు వెయ్యి రూపాయల కాలంలో ఇరవై ఏళ్లు ఆడగలిగిన వాళ్లంతా దాదాపుగా ఏదో ఒక సంస్థలో ఉద్యోగులు. పెళ్లి, పిల్లలు, ఇంటి ఖర్చు అనే మూడు అడ్డాలను దాటించింది ఆ కొలువే.

హైదరాబాద్, సికింద్రాబాద్‌లకు ఈ ఆటలో పాత సంబంధం ఉంది, ఇప్పటి వాళ్లకు గుర్తు లేకపోవచ్చు. మగవాళ్ల ప్రపంచకప్ భారత్‌కు తొలిసారి వచ్చింది 1987లో. దానికి తొమ్మిదేళ్ల ముందే, 1978 జనవరిలో, లాల్ బహదూర్ స్టేడియంలో ఆస్ట్రేలియా మహిళలు ఇంగ్లండ్‌ను ఓడించి ప్రపంచకప్ ఎత్తారు. సికింద్రాబాద్ అమ్మాయి పూర్ణిమా రావు 1995లో భారత కెప్టెన్. ఆ ఏడాది న్యూజిలాండ్ వెళ్లి ఆస్ట్రేలియా కూడా ఆడిన ముక్కోణపు సిరీస్ గెలిచి వచ్చిన జట్టు ఆమెదే. తర్వాత ఆమె జాతీయ జట్టు కోచ్ అయింది, 2017 ప్రపంచకప్‌కు కొద్ది నెలల ముందు ఆమెను తప్పించారు. లార్డ్స్ దాకా వెళ్లిన జట్టును తయారు చేసిన చేతుల్లో ఆమెవీ ఉన్నాయి. ఆ సంగతి ఫైనల్ రోజు ఎవరికీ గుర్తు రాలేదు. గౌహర్ సుల్తానా, ఇప్పటి అరుంధతి రెడ్డి - అందరిదీ నగరమే.

పేచీ ఇక్కడే. తెలంగాణ నుంచి దేశానికి ఆడిన మహిళల పేర్లు వరుసగా రాసి పక్కన ఊరి పేరు రాస్తే ఒకే ఊరు మళ్లీ మళ్లీ వస్తుంది. ఆంధ్రప్రదేశ్ వైపు చూడండి: అంజలి శర్వాణి ఆదోని, రావి కల్పన, సబ్బినేని మేఘన విజయవాడ, స్నేహ దీప్తి విశాఖ. 2025 ప్రపంచకప్‌లో పద్నాలుగు వికెట్లు తీసిన శ్రీచరణిది కడప జిల్లా ఎర్రమల్లె అనే చిన్న పల్లె. తండ్రి థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఉద్యోగి, అక్కడి కాలనీలో పెరిగి ముందు ఖోఖో, పరుగు ఆడి, పదహారేళ్లు వచ్చాక గానీ క్రికెట్ బంతి గట్టిగా పట్టని అమ్మాయి. ఇది యాదృచ్ఛికం కాదు. ఆంధ్ర సంఘానికి మహానగరం లేదు, అందుకే అది జిల్లాలకు వెళ్లక తప్పలేదు. హైదరాబాద్ సంఘానికి మహానగరం ఉంది, కాబట్టి జిల్లాలతో పని పడలేదు. ఓట్లన్నీ ఎక్కువగా నగర క్లబ్బుల చేతుల్లో ఉన్న సంఘం నల్లగొండ ఆడపిల్ల గురించి ఎందుకు ఆలోచిస్తుంది? ఆ సంఘం తన ఇల్లే చక్కదిద్దుకోలేక, 2023లో సుప్రీంకోర్టు ఓ రిటైర్డ్ న్యాయమూర్తితో ఏకసభ్య కమిటీ వేయాల్సి వచ్చింది.

తెలంగాణ జిల్లాల నుంచి అంత ఎత్తుకు వెళ్లిన పేరు గొంగడి త్రిష. భద్రాచలం పిల్ల. 2025 ఫిబ్రవరిలో కౌలాలంపూర్‌లో ముగిసిన అండర్-19 ప్రపంచకప్‌లో 309 పరుగులు, స్కాట్లండ్ మీద ఆ టోర్నీ చరిత్రలోనే తొలి సెంచరీ, ఫైనల్లో మూడు వికెట్లు, అజేయంగా 44. రాష్ట్రమంతా సంతోషించింది, ప్రభుత్వం కోటి రూపాయలిచ్చింది. కానీ ఆమె భద్రాచలంలో ఉండి ఇది సాధించలేదు. తండ్రి ఉన్న ఊరు, ఉన్న ఆస్తి వదులుకుని కుటుంబాన్ని సికింద్రాబాద్‌కు మార్చాడు. చేర్చింది ఎక్కడో తెలుసా? సెయింట్ జాన్స్. మిథాలీ అన్న వెంట వెళ్లిన ఆ తలుపే. రెండు దశాబ్దాల ఎడంతో ఇద్దరు పిల్లలు లోపలికి వెళ్లాల్సిన ద్వారం ఒక్కటే అయితే, రాష్ట్రంలో ఆట ఎదిగిందని చెప్పగలమా? త్రిష విజయం ఒక తండ్రి త్యాగం. దాన్ని రాష్ట్ర క్రీడావిధానం ఖాతాలో వేసుకోవడం ఏ విధంగానూ చెల్లదు.

నల్లగొండ జిల్లా అమ్మనబోలుకు చెందిన సింధూజ రెడ్డి అమెరికా జట్టుకు వికెట్‌కీపర్ బ్యాటర్‌గా ఎంపికైనప్పుడు మన పత్రికలు మురిసిపోతూ రాశాయి. మురవాల్సిందే. ఈ పల్లెల్లో పుట్టిన పిల్ల అంతర్జాతీయ మైదానం చేరాలంటే మహాసముద్రం దాటాల్సి వచ్చిందన్న సంగతి మాత్రం ఆ మురిపెంలో కొట్టుకుపోయింది.

ఇప్పుడు ఆలేరు. యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్న ఈ ఊరికి రైలుంది, వరంగల్ హైవే ఉంది, మగ్గాలున్నాయి, పక్కనే కొలనుపాక జైనమందిరం, కాస్త ఇవతల యాదగిరిగుట్ట ఉన్నాయి. వెనుకబడిన మారుమూల అని ఎవరూ అనరు. కాబట్టే ఆలేరును ఉదాహరణగా తీసుకుంటున్నాను. అచ్చంపేట, దేవరకొండ లాంటి చోట్ల దూరాన్ని సాకుగా చూపవచ్చు, ఇక్కడ అది చెల్లదు. సికింద్రాబాద్ స్టేషన్‌కు రైలులో గంట, గంటన్నర. రోజూ పొద్దున ఆ బండ్లలో కూలీలు, విద్యార్థులు, ఉద్యోగులు వెళ్లొస్తారు. అయినా పన్నెండేళ్ల ఆడపిల్ల పొద్దున ఆరింటికి నెట్స్‌లో ఉండాలంటే నాలుగింటికి ఇల్లు వదలాలి, వెంట ఎవరైనా పెద్దవాళ్లు ఉండాలి. మగ్గం మీద కూర్చునే తండ్రి ఆ రోజు పని పోగొట్టుకుంటాడు. పొలం పనికి పోయే తల్లి కూలి పోగొట్టుకుంటుంది. మిథాలీ తండ్రి పిల్లను స్కూటరు మీద దింపి ఆఫీసుకు వెళ్లగలిగాడు. ఇద్దరు తండ్రుల ప్రేమలో తేడా లేదు. జీతానికీ దినకూలికీ మధ్య ఉన్న తేడాయే ఇక్కడ ఆటను నిర్ణయిస్తుంది.

ప్రతిభ ఉంటే ఎక్కడి నుంచైనా వస్తుంది అనే మాట వింటే నాకు చిరాకు. ప్రతిభ అన్ని ఊళ్లలో పుడుతుంది, కనిపెట్టే కళ్లే అన్ని ఊళ్లలో లేవు. జ్యోతి ప్రసాద్ లాంటి మనిషి ఆ రోజు ఆ శిబిరంలో లేకపోతే మిథాలీ ఇవాళ మంచి నర్తకి అయి ఉండేదేమో. ప్రభుత్వ బడుల్లో వ్యాయామ ఉపాధ్యాయుల ఖాళీల గురించి ఏటా జూన్‌లో వార్తలు రాస్తాం, జూలైకి మరిచిపోతాం. ఉన్న పీఈటీ సార్లకు ఎన్నికల డ్యూటీ, సర్వే డ్యూటీ, మధ్యాహ్న భోజనం లెక్కలు. ఆడపిల్లలకు ఆటల పీరియడ్ అంటే చాలా బడుల్లో ఇంకా చెట్టు కింద ముచ్చట్లే.

ఇదంతా ఒకప్పుడు డబ్బులేని సమస్య. ఇప్పుడు కాదు. 2022 అక్టోబర్‌లో మహిళలకు, పురుషులకు సమాన మ్యాచ్ ఫీజు ప్రకటించారు: టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6 లక్షలు, టీ20కి 3 లక్షలు. 2023లో మొదలైన మహిళల ప్రీమియర్ లీగ్ ఐదు జట్లు దాదాపు 4,670 కోట్లకు అమ్ముడయ్యాయి. ముంబయి, ఢిల్లీ, బెంగళూరు, అహ్మదాబాద్, లక్నో. హైదరాబాద్ లేదు. ఇద్దరు భారత కెప్టెన్లను ఇచ్చిన నగరానికి, రెండు తెలుగు రాష్ట్రాలకు కలిపి, ఒక్క జట్టూ లేదు. మిథాలీ మెంటార్‌గా పనిచేయడానికి గుజరాత్ జట్టుకు వెళ్లింది. శ్రీచరణి ఢిల్లీకి ఆడుతుంది. లీగ్ జట్టు అంటే టీవీ వినోదం ఒక్కటే అనుకోకండి. దాని చుట్టూ స్కౌట్లు తిరుగుతారు, శిబిరాలు పెడతారు, వేసవిలో జిల్లాల నుంచి పిల్లల్ని పిలుస్తారు. జట్టు లేని చోట వీళ్లెవరూ రారు. లీగ్‌ను పెంచే రోజు వస్తే హైదరాబాద్ పేరు వినిపించేలా ఇప్పటి నుంచే పట్టుబట్టాల్సింది రాష్ట్ర ప్రభుత్వం, క్రికెట్ సంఘం. ఈ విషయంలో రెండు చోట్లా పెద్ద చప్పుడు లేదు.

విశాఖ స్టేడియంలో 2025 అక్టోబర్‌లో ఒక స్టాండుకు మిథాలీ పేరు పెట్టారు, రావి కల్పన పేరుకూ చోటిచ్చారు. మంచి పని. అలాంటి గౌరవాలు కొత్త పిల్లలను తయారు చేయవని మాత్రం గుర్తుంచుకోవాలి. ఆ తర్వాత నెలలోనే మరో కెప్టెన్ వార్తల్లోకి వచ్చింది. కొలంబోలో ముగిసిన తొలి అంధ మహిళల టీ20 ప్రపంచకప్ గెలిచిన భారత జట్టు నాయకురాలు దీపిక. కర్ణాటక సరిహద్దున, మడకశిర ప్రాంతంలోని తంబలహట్టి ఆమె ఊరు. కప్పు గెలిచి వచ్చి ఆంధ్రప్రదేశ్ ఉపముఖ్యమంత్రిని కలిసినప్పుడు ఆమె అడిగింది తన ఊరికి రోడ్డు. కెప్టెన్‌కు తెలుసు, ఏది లేకపోతే ఏది ఆగిపోతుందో.

ఒక అభ్యంతరం ఉంది, అది న్యాయమైనదే. నల్లగొండ పల్లెల్లో ఆడపిల్లలు బాగా ఆడేది కబడ్డీ, ఖోఖో. క్రికెట్‌కు డబ్బు మళ్లిస్తే అవి ఇంకా ఎండిపోవా? ఇప్పటికే అన్ని ఆటలనూ మింగేసిన ఆటకు మళ్లీ పల్లెం వడ్డించాలా? నా సమాధానం, శ్రీచరణి ఖోఖో ఆడి వచ్చిన పిల్లే. మంచి పీఈటీ ఉన్న బడి ఏ ఆటకైనా పిల్లలను ఇస్తుంది. లేని బడి ఏ ఆటకూ ఇవ్వదు. క్రికెట్ దగ్గర కోట్లున్నాయి కాబట్టి ఆ ఖర్చులో కొంత భాగం దాని నెత్తిన పెట్టాలి, అంతే తేడా.

మిథాలీ చిన్నప్పుడు లేనివి ఇప్పుడు కొన్ని ఉన్నాయి. బీసీసీఐ 2022 చివరి నుంచి అండర్-15 బాలికలకు కూడా వన్డే టోర్నీ నడుపుతోంది. దాని పైన అండర్-19, ఆ పైన అండర్-23. అంటే పదమూడేళ్ల పిల్లకు రాష్ట్రం పేరున్న జెర్సీ వేసుకునే అవకాశం ఉంది, అక్కడ కనిపిస్తే పై మెట్టు కూడా ఉంది. మొదటి మెట్టు ఎక్కడ పెడుతున్నారన్నదే మిగిలిన ప్రశ్న. ఎంపికలు ఉప్పల్‌లోనో జింఖానాలోనో పెట్టి, ఫారం నింపి, పుట్టిన తేదీ పత్రం పట్టుకుని, సొంత కిట్టుతో రమ్మంటే, వచ్చేది ముందే నగరంలో కోచింగ్ తీసుకుంటున్న వాళ్లే. భువనగిరిలో, ఆలేరులో, నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో ఒక్కో రోజు పెట్టాలి. దానికి స్టేడియం అక్కర్లేదు. ఒక మ్యాటింగ్ వికెట్, అరడజను బ్యాట్లు, ఆడపిల్లల ఆట తెలిసిన ఇద్దరు సెలెక్టర్లు కావాలి, వాళ్లలో ఒకరైనా మాజీ క్రీడాకారిణి కావాలి. అన్నిటికంటే ముందు ఎంపికలకు నెల రోజులు ఉండగానే ప్రతి జిల్లా పరిషత్ బడికీ, కస్తూర్బా విద్యాలయానికీ, గురుకులానికీ తేదీ, స్థలం, ఛార్జీలు ఎవరిస్తారన్న సంగతి రాసి ఉన్న కాగితం ఒకటి చేరాలి.